ఠాణాలో మేలుకొని ఉన్నవారెందరు?

ఏకోపాధ్యాయ పాఠశాల అనే మాట మీలో వినని వారుండరు. ఒక గది, ఒక నల్లబల్ల, ఒక పంతులుగారు. ప్రభుత్వపు లెక్కలలో ఆ ఊరికి బడి ఉన్నది. గోడమీద పెద్ద అక్షరాలతో దాని పేరున్నది. కాని పంతులుగారికి జ్వరం తగిలిననాడు, మండల కేంద్రంలో సమావేశమున్ననాడు, జనాభా లెక్కలకో ఓటర్ల జాబితాకో ఆయనను పిలిపించుకొన్ననాడు, పిల్లలు పలక చంకన పెట్టుకొని వచ్చి, తలుపుకు వ్రేలాడుతున్న తాళము చూచి, కేరింతలు కొడుతూ వచ్చిన దారినే మరలిపోతారు. బడి ఉన్నది, ఆ పూట చదువు లేదు. కాగితం మీద ఉండడం వేరు, పిలిచినప్పుడు పలకడం వేరు.

ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని, నాతో కొంతసేపు చాలా దూరం ప్రయాణం చేయండి. సముద్రాలకు ఆవల, ఆస్ట్రేలియా ఖండపు నడిబొడ్డున, ఎఱ్ఱని ఇసుకనేలలో, వేల సంవత్సరాల తరబడి తమ నీటిగుంటలను, తమ కథలను, తమ బంధుధర్మాలను కాపాడుకొంటూ వచ్చిన ఆదివాసి జనుల గ్రామాలు కలవు. రాత్రివేళ ఆపద వస్తే పలికే పోలీసు కావాలని ఆ గ్రామాలలో అడిగేవారున్నారు. పోలీసును చూస్తేనే గుండె దడదడలాడుతుందని చెప్పేవారూ ఉన్నారు. ఒక్కొక్కప్పుడు ఈ రెండు మాటలూ ఒకే ఇంటిలోనుండి వస్తాయి. రెండూ సత్యమే. అటువంటి చోట చాలినంతమంది పోలీసులు ఉండాలంటే, ఆ చాలినంత అనేది ఎంత? దానిని కొలిచేది ఎట్లా? ఈనాటి నా ప్రసంగ విషయమిదే.

ముందుగా ఆ దేశపు కొలతలు చెప్పుకొందాము. ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతమొకటి ఉన్నది. దాని వైశాల్యం సుమారు 13,50,000 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను రెండింటినీ కలిపితే ఎంత నేల అవుతుందో, అటువంటివి దాదాపు ఐదు అందులో పడతాయి. మరి జనమెంత? సుమారు రెండున్నర లక్షలు. ఒంగోలు వంటి ఒక పట్టణంలోని జనాన్ని తీసుకొనిపోయి, ఐదింతల తెలుగునాడు మీద చల్లినట్లు ఊహించుకోండి. ఆ చల్లినదైనా సమంగా పడలేదు. సగానికి పైగా జనం డార్విన్ అనే ఒక్క నగరంలోను, దాని చుట్టుప్రక్కలను ఉన్నారు. మొత్తం జనంలో నాలుగవ వంతుకు మించి ఆదివాసులు. వారిలో చాలామంది దూరదూరంగా విసరివేసినట్లున్న గ్రామాలలో నివసిస్తున్నారు.

దీనికి ఆనుకొని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో, 1981 నాటి చట్టం ద్వారా ఆదివాసులకే హక్కుభుక్తమైన విశాల భూభాగం ఒకటి కలదు. దానిని ఏ.పి.వై. భూములు అంటారు. వైశాల్యం 1,03,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణ కంటె రవంత తక్కువ. అక్కడి జనమంతా కలిసి మన పెద్ద పల్లెటూరు ఒక్కదానికి సరిపోతారు. రెండు మూడు వేలమంది! తెలంగాణ మొత్తంలో ఒకే ఒక పల్లెటూరు, అదియును పది ముక్కలై పది దిక్కుల పడి ఉన్నట్లు భావించండి. ఇప్పుడు చెప్పండి, ఆ ఊరికి పోలీసు ఠాణా ఎక్కడ కట్టాలి?

ఇక్కడ ఒక చిత్రమున్నది. తలసరి లెక్క వేసి చూస్తే, ఆస్ట్రేలియా మొత్తంలో జనానికి పోలీసుల నిష్పత్తి అందరికంటె అధికంగా ఉన్నది ఈ నార్తర్న్ టెరిటరీలోనే. వేయిమందికి ఇంతమంది అని చెప్పే ఆ అంకెను చూచినవారికి, కొరత ఎక్కడ ఉన్నదో ఒకంతట అర్థం కాదు. కాని తలలను లెక్కించే అంకెకు దూరం కనిపించదు, రాత్రి కనిపించదు, వాగు పొంగి దారి తెగడం కనిపించదు. వేడ్యే అని ఒక పెద్ద ఆదివాసి గ్రామమున్నది. వానకాలం వస్తే నెలల తరబడి దానికి రోడ్డు దారి ఉండదు. విమానమో పడవో తప్ప గతి లేదు. అటువంటి ఊరి భద్రతను తలసరి లెక్క ఏమని చెప్పగలదు?

ఇప్పుడొక దృశ్యం ఊహించండి. యూఎండుము అనే గ్రామమున్నది. వార్ల్పిరి అనే ఆదివాసి జాతివారి ఊరు. దగ్గరి పట్టణమైన ఆలిస్ స్ప్రింగ్స్ అక్కడికి 290 కిలోమీటర్ల దూరం. అంటే హైదరాబాదు నుండి విజయవాడకు పోయినంత, మరికొంచెం ఎక్కువ. కాని మన దారిలో వలె అడుగడుగున ఊళ్ళు ఉండవు, టీ బడ్డీలు ఉండవు. పెట్రోలు దొరికే చోట్లు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చు. రాత్రి రెండు గంటల వేళ. ఒక ఇంటి తలుపును ఎవడో ఆగ్రహంతో బాదుతున్నాడు. లోపల ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. ఆమె ఫోను తీసి పోలీసులను పిలుస్తుంది. ఊరిలో ఠాణా ఉన్నది. కాని ఆ వేళకు అది మూసి ఉన్నది. పిలుపు పోయి పోయి, వేయి కిలోమీటర్లకు ఆవల డార్విన్ నగరంలో ఒక కార్యాలయంలో మ్రోగుతుంది. అక్కడివారు మర్యాదగానే అడుగుతారు. మీ పేరేమిటి? ఇంటి నంబరెంత? వీధి పేరేమిటి? అతని చేతిలో ఆయుధమున్నదా? ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో. ఆమెకు ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన భాష కాదు, మూడవదో నాలుగవదో. తలుపు చప్పుడు వింటూ, పిల్లలను ప్రక్కకు లాక్కొంటూ, అలవాటు లేని భాషలో ఆమె సమాధానాలు కూర్చుకోవాలి. ఆ తరువాత డార్విన్‌లోని వారు, ఆ ఊరిలోనే తన క్వార్టర్సులో నిద్రపోతున్న పోలీసు అధికారిని లేపుతారు. అతడు దుస్తులు వేసుకొని, ఒంటరిగా పోరాదు గనుక మరొకరిని లేపి, వాహనం తీసి బయలుదేరుతాడు. ఇది ఠాణా ఉన్న ఊరి మాట. ఠాణా లేని ఊరిలోనైతే, ఆ వాహనం మరొక ఊరినుండి మట్టిదారిన రావలసి ఉంటుంది.

శ్రోతలారా, ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్య విషయానికి వస్తున్నాను. దానికి ఒక చిన్న లెక్క కావాలి. భయపడకండి, మన రైల్వే గేటు దగ్గర నిలబడి వేసుకొనే లెక్కే.

ఊరి చివర రైల్వే గేటున్నది. పగలూ రాత్రీ బండ్లు వస్తాయి. గేటు వేయడానికి మనిషి కావాలి. ఎంతమంది మనుష్యులు? ఒకడే గదా అక్కడ నిలబడేది అంటారు మీరు. కాని ఆ ఒకడు ఎనిమిది గంటలకు మించి నిలబడలేడు. కావున రోజుకు ముగ్గురు కావాలి. ఆ ముగ్గురికీ వారానికొక దినం విశ్రాంతి కావాలి. దానికి మరొకడు కావాలి. సెలవులు, జ్వరాలు, పెండ్లిండ్లు ఉంటాయి. దానికి ఇంకొకడు ఉంటే మేలు. చివరికి తేలినదేమిటి? గేటు దగ్గర ఎల్లవేళలా ఒకడు మేలుకొని ఉండాలంటే, జీతాల పట్టీలో ఐదుగురు ఉండాలి. ఒకడు మేలుకొనడానికి ఐదుగురు. ఈ మాట జ్ఞాపకముంచుకోండి.

ఇక పోలీసు ఠాణాకు రండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి పనిచేసేది సుమారు 40 గంటలు. లెక్క అదే, ఒకడు ఎల్లవేళలా ఉండాలంటే ఐదుగురు. కాని పోలీసు వారు రాత్రివేళ కలహం జరిగే చోటికి ఒంటరిగా పోరాదు, ఇద్దరు పోవాలి. కావున ఒక్క జంట ఎల్లవేళలా మేలుకొని ఉండాలంటే పదిమంది కావాలి. పదిమంది! దూరపు గ్రామాలలో చాలా ఠాణాలు ఇద్దరు ముగ్గురితో నడిచేవే. ముగ్గురున్న ఠాణాను తీసుకోండి. ముగ్గురూ కలిసి వారానికి 120 గంటలు పనిచేస్తారు. జంటగా లెక్కిస్తే 60 గంటలు. మిగిలిన 108 గంటలు ఏమైనవి? ఆ 108 గంటలు ఠాణా ఉన్నట్లే ఉంటుంది, కాని అందులోని మనుష్యులు నిద్రలోనో, అలసటలోనో, మరొక పనిమీదనో ఉంటారు.

ఆ మరొక పని అన్నది చిన్న సంగతి కాదు. దూరపు గ్రామంలోని పోలీసు దొంగలను పట్టేవాడు మాత్రమే కాదు. వాహనాలు నడిపే లైసెన్సులకు అతడే. దారి తప్పిన ప్రయాణికుని వెదకడానికి అతడే. ఎవరైనా ఆకస్మికంగా మరణిస్తే ఆ విచారణకు అతడే. ఒకనిని అరెస్టు చేసి పట్టణానికి తీసుకొనిపోవలసి వచ్చినదనుకోండి. ఇద్దరు పోలీసులు ఆ బండిలో కూర్చుంటారు. పోను 290 కిలోమీటర్లు, రాను 290 కిలోమీటర్లు. ఆ దినమంతా ముగ్గురున్న ఠాణాలో మిగిలినవాడు ఒకడు. ఆ ఒకడు ఒంటరిగా పోరాదు. అంటే ఆ దినము ఠాణా లేనట్లే. మన పంతులుగారు మండల సమావేశానికి పోయిననాడు బడికి పట్టిన గతే దానికీ పట్టినది. రాత్రి లేచి పనిచేసినవాడు పగలు నిద్రపోవాలి. కావున రాత్రి పిలుపులు ఎక్కువైన వారంలో పగలు కూడ తలుపు మూసి ఉంటుంది. ఠాణాలను లెక్కించకండి, మేలుకొని ఉన్న గంటలను లెక్కించండి అనేది నా మనవి.

ఈ సత్యాన్ని గుర్తింపక చేసిన మహాప్రయత్నం ఒకటి అక్కడి చరిత్రలో ఉన్నది. 2007వ సంవత్సరంలో, రెక్స్ వైల్డ్ అనే న్యాయవాదియు, పాట్ ఆండర్సన్ అనే ఆదివాసి నాయకురాలును కలిసి, ఆదివాసి గ్రామాలలో పిల్లల రక్షణను గూర్చి ఒక నివేదిక ఇచ్చినారు. అందులో 97 సిఫారసులు. ఏ పని చేసినా ఆదివాసులతో నిజాయితీగా సంప్రదించి చేయండన్నది వాటికన్నిటికీ మొదటిది. నివేదిక వెలువడిన కొద్ది దినాలకే, జూన్ 21న, ఆనాటి ప్రధాని జాన్ హోవర్డ్ ప్రభుత్వం అత్యవసర చర్యను ప్రకటించి, ఆ వెంటనే టెరిటరీలోని గ్రామాలలో అడుగుపెట్టినది. సంప్రదింపు జరగలేదు. సైనికులు కూడ వచ్చినారు. జాతివివక్షను నిషేధించే చట్టం ఆ చర్యలకు అడ్డు రాకుండ దానిని ప్రక్కకు నెట్టినారు. 2010 చివరకు గాని దానిని తిరిగి నిలబెట్టలేదు. అంతకు ముందు ఠాణా లేని 18 గ్రామాలకు తాత్కాలికపు ఠాణాలు వచ్చినవి. అవి లారీలమీద తెచ్చి దింపిన డబ్బాల వంటి గదులు. ఇతర రాష్ట్రాలనుండి పోలీసులను కొన్ని నెలల పనికి పంపినారు.

ఈ ఠాణాలు వచ్చినందుకు సంతోషించిన తల్లులు ఉన్నారు. ఆ సంగతి దాచరాదు. పిలిస్తే వచ్చేవారు మొదటిసారిగా ఊరిలో కనిపించినారు. కాని ఆ వచ్చినవారు వచ్చినంత త్వరగా మారిపోయినారు. ఊరివారి పేర్లు నేర్చుకొనేలోపల ఒకడు వెళ్ళినాడు. వాని స్థానంలో వచ్చినవాడు మరల మొదటినుండి ఆరంభించినాడు. మన ఇండ్లకు కొత్తకోడలు వస్తే, ఏ అటకమీద ఏ డబ్బా ఉన్నదో తెలియడానికే ఒక ఏడాది పడుతుంది. మూడు నెలలకొక కోడలు మారే ఇంటిలో పాలు పొంగిపోక ఏమవుతాయి?

మరి, పోలీసులను పదిమందిని పంపి, పది సంవత్సరాలు ఉంచితే సరిపోతుందా? అంత తేలికగా చెప్పడానికి వీలులేదు. ఎందుకంటే, ఆ నేలమీద పోలీసు అన్న మాటకు ఒక జ్ఞాపకమున్నది. 1928లో, ఈ యూఎండుముకు చేరువలోనే, కోనిస్టన్ అనే పశువుల క్షేత్రపు ప్రాంతంలో ఒక తెల్లవాడు హత్యకు గురి అయినాడు. దానికి ప్రతీకారంగా ఒక గుఱ్ఱపు పోలీసు నాయకత్వాన బయలుదేరిన బృందాలు, వారాల తరబడి తిరిగి, ఆదివాసులను కాల్చి చంపినవి. ప్రభుత్వం ఒప్పుకొన్న సంఖ్య 31. అంతకంటె ఎంతో ఎక్కువమంది మరణించినారని ఆ కుటుంబాలవారు నేటికీ చెప్పుకొంటారు. విచారణ జరిపినవారు అది న్యాయమేనన్నారు. కంచె చేను మేయడమనే మన సామెతకు ఇంతకంటె క్రూరమైన ఉదాహరణ ఉండబోదు. తొంభై యేండ్లకు, 2018లో, ఆ నేలమీదనే నిలిచి టెరిటరీ పోలీసు కమిషనరు క్షమాపణ చెప్పినాడు. 2024లో మరొక కమిషనరు, ఆదివాసుల మహోత్సవమైన గార్మాలో, గతంలో పోలీసులు చేసిన కీడుకు మరల క్షమాపణ చెప్పినాడు.

నేటి మాటకు వస్తే, టెరిటరీ జనంలో ఆదివాసులు నాలుగవ వంతుకు కొంచెం పైన. కాని అక్కడి జైళ్ళలో నూటికి 85 మందికి పైగా వారే. నిర్బంధంలో ఉండగా జరిగే మరణాలపై రాయల్ కమిషన్ ఒకటి విచారించి, 1991లో 339 సిఫారసులు చేసినది. ఆ తరువాత కూడ ఐదు వందలమందికి పైగా ఆదివాసులు దేశమంతటా నిర్బంధంలో మరణించినారు. ఇంతటి చరిత్ర ఉన్న చోట, పోలీసులను పెంచండి అనగానే కొన్ని ముఖాలు వాడిపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

2019 నవంబరులో యూఎండుములో జరిగిన సంగతి ఈ రెండు బాధలనూ ఒకచోట చేర్చి చూపుతుంది. ఆ ఊరిలో దొంగతనాలు ఎక్కువై, రాత్రింబవళ్ళు పిలుపులు వచ్చి, ఠాణాలోనివారు అలసిపోయినారు. అదనపు సహాయం కావాలని అక్కడి సార్జెంటు కోరినది. అరెస్టు చేయవలసిన యువకుడొకడు ఊరిలో ఉన్నాడు. వయస్సు 19 ఏండ్లు. ఆనాడు ఊరిలో ఒక అంత్యక్రియ ఉన్నది. అది ముగిసిన తరువాత, మరునాటి తెల్లవారుజామున, ఊరివాడైన ఆదివాసి పోలీసు అధికారి తోడుగా నెమ్మదిగా అతనిని తీసుకొనిరావాలని సార్జెంటు ఆలోచన. కాని పట్టణంనుండి వచ్చిన కొత్తవారు ఆ సాయంకాలమే అతనున్న ఇంటిలో ప్రవేశించినారు. పెనుగులాటలో కత్తెర, తుపాకి, మూడు గుండ్లు. ఆనాటి ఉదయమే భద్రత లేదని వైద్యశాల సిబ్బంది ఊరు విడిచిపోయినందున, ఆ యువకుడు ఠాణాలోనే ప్రాణం విడిచినాడు. కాల్చిన అధికారిని 2022లో న్యాయస్థానం నిర్దోషి అన్నది. మరణాన్ని విచారించిన కరోనరు 2025 జులైలో ఆ ఊరికే వెళ్ళి తన నిర్ణయం చదివి, ఇది తప్పింపదగిన మరణమని చెప్పినది.

మన రైల్వే గేటు లెక్కను ఇక్కడ జ్ఞాపకం చేసుకోండి. ఊరి పోలీసులకు విశ్రాంతి ఇచ్చే మనుష్యులు ఊరిలోనే ఉండి ఉంటే, ఆ కొత్తవారిని పిలువవలసిన పని ఉండేది కాదు. కొత్తవారు ఊరిని ఎరిగినవారై ఉంటే, తెల్లవారే వరకు ఆగేవారు. సంఖ్య చాలకపోవడం ఒక దోషం. పరిచయం చాలకపోవడం మరొక దోషం. మొదటిది రెండవదానిని పిలుచుకొని వచ్చినది.

ఈ పరిచయమనేది ఎంత సూక్ష్మమైనదో ఒక ఉదాహరణ చెప్పి చూపుతాను. వార్ల్పిరి వారిలో అత్తగారు, అల్లుడు ఒకరినొకరు చూడరాదు, మాటలాడరాదు. ఇది మనకు మరీ కొత్త కాదు. మన పెద్దల కాలంలో అత్తగారు అల్లుని ఎదుటికి రాక, తలుపు చాటునుండి మాటలు అందించడం మీలో కొందరు చూచియే ఉంటారు. వారి ధర్మం ఇంకా కఠినం. ఇప్పుడు, ఊరు ఎరుగని పోలీసొకడు, ఇంటికి దింపుదామన్న మంచి ఉద్దేశంతోనే, అత్తనూ అల్లుణ్ణీ ఒకే బండిలో ఎక్కించినాడనుకోండి. వారిద్దరూ సిగ్గుతో చితికిపోతారు. అల్లుడు దిగిపోవాలని పెనుగులాడుతాడు. ఆ పెనుగులాట ఎందుకో తెలియని పోలీసు దానిని ఎదురుతిరగడమనుకొంటాడు. ఒక కేసు పుట్టినది! ఊరివాడైన అధికారి ప్రక్కన ఉంటే, ఒక్క మాటతో ఆమెను ముందర బండిలోను, అతనిని వెనుక బండిలోను పంపేవాడు.

పూర్వం మన ఊళ్ళలో తలారి ఉండేవాడు. ఏ అడుగుజాడ ఎవరిదో, ఏ ఇంటి కుక్క ఎప్పుడు మొరుగుతుందో అతనికి తెలిసేది. అతని లోపాలు అతనికున్నవి. పెద్దల మాటకు తల ఊపి, పేదలమీద కఱ్ఱ ఎత్తిన తలారులూ ఉన్నారు. కాని ఊరు తెలియడమనే గుణాన్ని ఎవరూ కాదనలేరు. టెరిటరీ పోలీసులోను ఇటువంటి కొలువు ఒకటి దశాబ్దాలుగా ఉన్నది. ఆదివాసి సమాజపు పోలీసు అధికారి అని దాని పేరు. ఊరి భాష, ఊరి వావివరుసలు తెలిసిన మనిషి. కాని ఆ కొలువు తాడుమీద నడక వంటిది. ఒకవైపు ప్రభుత్వం, ఒకవైపు తన మేనల్లుడు. ఆ ఒక్కనిమీదనే భారమంతా వేసి, అతడు అలసి మానివేసిన తరువాత, స్థానికులు ఉద్యోగంలో నిలువరని చెప్పడం న్యాయం కాదు.

పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో మరొక మార్గం కనిపిస్తుంది. అక్కడ 2002లో స్యూ గోర్డన్ అనే ఆదివాసి న్యాయమూర్తి అధ్యక్షతన ఒక విచారణ జరిగినది. దూరపు ఊళ్ళలో స్త్రీలకూ పిల్లలకూ రక్షణ లేకపోవడం అందులో బయటపడినది. దాని ఫలితంగా పోలీసులూ, శిశుసంక్షేమపు ఉద్యోగులూ ఒకే కప్పుక్రింద పనిచేసే ఠాణాలు కొన్ని గ్రామాలలో వెలసినవి. అట్టి ఊళ్ళలో వారకుర్నా ఒకటి. ఆ ఠాణాను పూర్తిగా ఆదివాసి అధికారులే నడిపినారు. ఆ రాష్ట్రంలో అటువంటిది అదే మొదటిది. వారు ఆ ఊరివారు కారు. నైఋతి మూలనుండి వచ్చిన నూంగార్ జాతివారు. ఐనను, ఊరివారి భాష నేర్చుకోవడానికి కూర్చున్నారు. నేర్పినవారు ఊరి పెద్దలు. పోలీసు శిష్యుడై, గ్రామం గురువైన ఆ కథను 2020లో ఒక చలనచిత్రంగా కూడ తీసినారు.

ఇంకొక సంగతి. ఒక జంట ఎల్లవేళలా మేలుకొని ఉండడానికి కావలసిన పదిమందీ పోలీసులే కానక్కరలేదు. 1980లలో టెనంట్ క్రీక్ పట్టణంలో ఆదివాసులే రాత్రి గస్తీ ప్రారంభించినారు. 1990ల తొలినాళ్ళలో యూఎండుములో అవ్వలు ఆ పని చేపట్టినారు. చేతిలో కఱ్ఱ పట్టుకొని, చీకటిలో నడిచి, త్రాగి వచ్చినవారిని, పెట్రోలు వాసన పీల్చే పిల్లలను పేరు పెట్టి పిలిచి, ఇంటికి తోలినారు. ఆ అవ్వల చేతిలో బేడీలు లేవు. కాని ఎదుటివాని తల్లి ఎవరో, తాత ఎవరో వారికి తెలుసు. అవ్వ ముందు ఆగిపోయిన కలహం పోలీసు వరకు రాదు; పోలీసు వరకు రాని కలహం జైలు వరకు పోదు. ఐనను, గస్తీ ఉన్నది గనుక పోలీసులు అక్కరలేదనడం తగదు. కత్తి పట్టినవాని ముందర అవ్వను నిలబెట్టరాదు గదా. నలుగురు ఆదివాసి స్త్రీలు ఇంటివారి చేతులలోనే మరణించిన ఉదంతాలపై, టెరిటరీ కరోనరు 2024 నవంబరులో 35 సిఫారసులు చేసినది. ఆ స్త్రీలకు సహాయం అందవలసినప్పుడు అందలేదన్నది ఆ పుటలలో పదేపదే వచ్చే బాధ. ప్రక్కనున్న ఏ.పి.వై. భూములలో 2016లో, రాత్రి పిలుపుమీద ఉన్న ఒక నర్సు హత్యకు గురి అయినది. ఆ తరువాత, దూరపు ఊళ్ళలో నర్సు రాత్రివేళ ఒంటరిగా పోరాదని, తోడుగా మరొకరు ఉండాలని ఆ రాష్ట్రం చట్టమే చేసినది. పోలీసుకు ఇద్దరు, నర్సుకు ఇద్దరు. ఇద్దరు అన్న మాట ఎక్కడికి పోయినా మన లెక్కను రెట్టింపు చేస్తూనే ఉంటుంది.

శ్రోతలారా, నా సమయం ముగియవచ్చినది. ఇంతసేపు చెప్పినదానిని మూడు ప్రశ్నలుగా మరల చెబుతాను. ఒక ఊరికి పోలీసులు చాలినంతమంది ఉన్నారా అని తెలుసుకోవాలంటే, ఠాణా ఉన్నదా అని అడుగకండి. రాత్రి రెండు గంటలకు అక్కడ మేలుకొని ఉన్నవారెవరు అని అడగండి. ఇది మొదటిది. ఆ మేలుకొని ఉన్నవారు వచ్చే సంవత్సరం కూడ అక్కడే ఉంటారా అని అడగండి. ఇది రెండవది. ఫోను చేసిన తల్లి తన భాషలో రెండు మాటలు చెబితే వారికి అర్థమవుతాయా అని అడగండి. ఇది మూడవది. మొదటిదానికి మనుష్యులు కావాలి, రెండవదానికి వారు కాపురముండడానికి ఇండ్లు కావాలి, మూడవదానికి ఊరివారి సమ్మతి కావాలి. మనుష్యులనూ ఇండ్లనూ ప్రభుత్వం మంజూరు చేయగలదు. సమ్మతిని మాత్రం ఊరు ఇవ్వాలి, అడిగినవారికే ఇస్తుంది.

ఇక మీదట ఎప్పుడైనా, ఆస్ట్రేలియాలో గాని మరెక్కడ గాని, దూరపు గ్రామాలకు ముప్పైమంది పోలీసులను మంజూరు చేసినారన్న వార్త ఈ రేడియోలోనే మీరు వింటే, ఒక్క క్షణం ఆగి, ఆ ముప్పైని పదితో భాగించండి. మూడు వస్తుంది. మూడు ఊళ్ళలో, ఒక్కొక్క జంట. ఆ మూడు ఊళ్ళలో తల్లులు ఫోను చేస్తే ఆ రాత్రే పలుకుతారు. నాలుగవ ఊరిలో ఫోను డార్విన్‌లో మ్రోగుతుంది.